ఉప్పు పట్టిన పుస్తకాలు

"నూకయ్యని మీరే చంపేరా మాస్టారూ?"

డిటెక్టివ్ సత్యప్రియ ఇంత సూటిగా మొదలుపెడుతుందని బాలగంగాధరం గారు అనుకోలేదు. డెబ్బై దాటిన మనిషి. వేదం చదువుకున్న ఇంట పుట్టి, కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. కట్టుకున్న పంచెని పోలీసులు సాక్ష్యం కింద తీసేసుకుని, ఎవరిదో గళ్ళ లుంగీ ఇచ్చారు. దాన్ని మోకాళ్ళ మీదికి లాక్కుంటూ ఆయన ఆమె వంక చూశారు.

"నన్ను పుస్తకాల కట్ట మొయ్యనిచ్చేవాడు కాదమ్మా వాడు. 'మీరుండండి మాస్టారండీ' అని లాక్కునేవాడు. అలాంటివాణ్ణి నేనెందుకు చంపుతాను?"

"ఎందుకో సీఐ గారు ముందే రాసేసుకున్నారండి. కౌశికి ప్రచురణలు మీకు రాయల్టీ ఎగ్గొట్టింది. ఓనరు దొరకలేదు, గోడౌను కాసే నూకయ్య దొరికేడు. కోపం పట్టలేక కట్టలు వాడి మీదికి తోసేరు. నాలుగింటికి మిమ్మల్ని మెజిస్ట్రేటు ముందు నిలబెడతారు, అట్నించి జైలుకి పంపుతారు. ఒంటిగంట దాటింది. దాచుకోడానికి టైము లేదు మాస్టారూ."

కౌశికి ప్రచురణలు అమలాపురంలో పేరు మోసిన సంస్థ. మొన్నటి శ్రావణంలో గోదావరికి వరదొచ్చినప్పుడు, కొత్తపేట దాటాక ఏటిగట్టు పక్కనున్న తన గోడౌను మునిగిపోయిందని ఓనరు వీరవెంకటసత్యనారాయణ గుండెలు బాదుకున్నాడు. ఇన్సూరెన్సు వాళ్ళు వచ్చి తడిసిన పుస్తకాలు చూసి సొమ్ము చెల్లించారు. ఆ సొమ్ము ఎటు పోయిందో గానీ, నెల తిరక్కుండా పెద్దమనిషి ఐపీ పెట్టేశాడు. వారం రోజులుగా ఛాతీ నొప్పంటూ హైదరాబాదులో ఏదో ఆస్పత్రిలో పడుకున్నాడు. ఆయన పుస్తకాలు వేసిన రచయితలు అరవై మందికి పైనే ఉంటారు. ఇన్నేళ్ళలో ఆయన చేతుల మీదుగా వాళ్ళకి దక్కినవి శాలువాలు, చందనపు దండలు. శాలువాలు కప్పడంలో మాత్రం ఏనాడూ బాకీ పడలేదు.

బాలగంగాధరం గారు పన్నెండేళ్ళు లంకలన్నీ కాలినడకన తిరిగి, పడవవాళ్ళ మాటలూ, కొబ్బరి దింపు తీసేవాళ్ళ మాటలూ ఏరి ఒక పెద్ద పుస్తకం చేశారు. దాని రాయల్టీ వస్తే భార్యకి కళ్ళ ఆపరేషను చేయిద్దామనుకున్నారు. పుస్తకం అమ్ముడుపోలేదని ఒక ఏడు, మిగిలిన కాపీలు గోదారి పాలయ్యాయని ఇంకో ఏడు, ఓనరు కబుర్లు చెబుతూనే ఉన్నాడు.

"మొన్న సాయంత్రం ఏం జరిగిందో చెప్పండి," అంది సత్యప్రియ.

"తడిసిన కాపీలు కావలసినవాళ్ళు పట్టుకుపోవచ్చని ఓనరు కబురు పెట్టేడు. డబ్బు ఎలాగూ రాదు, నా పుస్తకం నాలుగు కాపీలైనా దక్కుతాయేమోనని వెళ్ళేను. చేతనైనన్ని కట్టలు తిరగేసేను తల్లీ. నాది ఒక్కటంటే ఒక్కటి లేదు. తడిసిందీ లేదు, పొడిదీ లేదు. 'నా పుస్తకాలేవిరా' అని కేకలేసిన మాట నిజమే. గట్టు మీద పోయేవాళ్ళు విన్నారు."

"నూకయ్య ఏమన్నాడు?"

"తల దించుకున్నాడు. 'రేపు పొద్దున్న రండి మాస్టారండీ, అంతా చెప్పేస్తానండి. వరదప్పట్నించి నాకూ నిద్ర పట్టట్లేదండి' అన్నాడు."

"ఈ మాట మీరు ఇంకెవరికైనా చెప్పేరా?"

"ఇంటికెళ్ళి మా అచ్చయమ్మకి చెప్పేను. తరవాత భవానీదేవి గారికి ఫోన్ చేసేను. మా రచయితల సంఘం కార్యదర్శి కదా మరి."

సత్యప్రియ తల ఊపింది. ఆమెని ఈ కేసులోకి దింపింది ఆ భవానీదేవే. పాతిక నవలలు రాసిన మనిషి. బాధిత రచయితలందరి చేతా సంతకాలు పెట్టించి కలెక్టరాఫీసు చుట్టూ తిరుగుతున్న మనిషి. నిన్న సాయంత్రం రాజమండ్రి దాకా కారేసుకొచ్చి, అడ్వాన్సు బల్ల మీద పెట్టి, "ఆ మహానుభావుణ్ణి ఎలాగైనా బయటికి తీసుకురండి" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"అచ్చయమ్మకి చూపు ఆనదమ్మా. ఒక్కతీ ఉండలేదు," అన్నారు మాస్టారు. "ఆ తల్లే వచ్చి ముమ్మిడివరంలో తనింటికి తీసుకెళ్ళి పెట్టుకుంది. ఈ రోజుల్లో ఎవరు చేస్తారు చెప్పు?"

"నిన్న పొద్దున్న సంగతి చెప్పండి."

"తలుపు తీసే ఉంది. కట్టలు కూలిపోయి ఉన్నాయి. కింద వాడి చెయ్యి కనబడింది. కట్టలు పక్కకి నెట్టి, పట్టుకు లాగేను. ఒళ్ళు మంచులా ఉంది. చొక్కా తడిసి ముద్దయిపోయి ఉంది. రాత్రి వాన పడిందేమో అనుకున్నాను."

"పడిందాండి?"

ముసలాయన నుదురు ముడిపడింది. ఇప్పటిదాకా ఈ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు.

"లేదమ్మా," అన్నారు నెమ్మదిగా. "చినుకు కూడా పడలేదు."

తలుపు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. సీఐ సుధీర్.

"ఆయ్, అయిపోయిందాండి కథాకాలక్షేపం?"

ఆయనా సత్యప్రియా ఒకే బ్యాచిలో ఎస్సైలుగా ట్రైనింగయ్యారు. ఆమె పైవాళ్ళతో పడక ఉద్యోగం మానేసింది. ఆయన పైవాళ్ళతో పడి సీఐ అయ్యాడు. కనబడినప్పుడల్లా ఒకరికొకరు అండీ అండీ అని మహా మర్యాద చేసుకుంటారు. ఆ మర్యాద కంటే రెండు తిట్లు తిట్టుకున్నా నయమే.

"నూకయ్య చొక్కా ఎందుకు తడిసిందండీ సుధీర్ గారూ?"

"గోడౌన్నిండా తడిసిన పుస్తకాలేనండి. వాటి కింద పడ్డవాడి చొక్కా తడవక మండుతుందాండి?"

"వరద తీసి రెండు నెలలు దాటింది. ఇంకా చొక్కా ముద్దయ్యేంత తడి ఉందాండి వాటిల్లో?"

సుధీర్ టోపీ సర్దుకున్నాడు. "శవం దగ్గర ఈయన దొరికేడు. ముందురోజు కేకలేసినట్టు నలుగురు సాక్షులున్నారు. నాకు అది చాలండి."

"నాకు చాలదండి. గోడౌను చూస్తాను. మీరూ రండి. లేకపోతే నేనక్కడ ఏదో పెట్టేసేనని రేపు కోర్టులో మీరే అంటారు."

రానని అనడానికి ఆయనకి ఏ వంకా దొరకలేదు. ఆమె లేచేసరికి మాస్టారు ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"జైలుకి భయం లేదమ్మా. ఆ కళ్ళు కనపడనిదానికి అన్నం ఎవరు కలిపి పెడతారన్నదే నా బెంగ."

సత్యప్రియ ఆయన చెయ్యి ఒకసారి నొక్కి బయటికి నడిచింది.

జీపు గోడౌను ముందు ఆగగానే ఆమె లోపలికి పోలేదు. మెట్ల దగ్గర గొంతుక్కూర్చుంది. గుమ్మానికి నాలుగు మెట్లున్నాయి. కింది రెండు మెట్ల మీద ఎర్రటి ఒండ్రు పొర ఎండి పెచ్చులు లేస్తోంది. మూడో మెట్టూ, నాలుగో మెట్టూ శుభ్రంగా ఉన్నాయి.

"సుధీర్ గారూ, వరద ఎక్కడిదాకా వచ్చిందంటారు?"

"లోపలంతా మునిగిందటండి. ఇన్సూరెన్సు రిపోర్టులో ఉంది."

"మూడో మెట్టు ఎక్కకుండా లోపలికెలా దూరిందండీ గోదావరి? కిటికీలోంచి ఎగిరి దూకిందా?"

ఆయన మెట్ల వంక చూశాడు.

లోపల రేకుల కప్పు కింద పొయ్యి రాజేసినట్టుంది ఉక్క. రెండు వైపులా కట్టలు మనిషి ఎత్తున పేర్చి ఉన్నాయి. మధ్యలో కూలిపోయిన గుట్ట ఉంది, నూకయ్య దొరికింది అక్కడే. సత్యప్రియ ఒక కట్ట తాడు కోసింది. పై వరస రెండు పుస్తకాలు నవలలు. వాటి కింద అట్టడుగు దాకా ఎప్పుడో సిలబస్ మారిపోయిన పదో తరగతి గైడ్లు. ఇంకో కట్ట కోసింది, అదే వరస. మూడోది కొయ్యకుండా వదిలేసింది. మాస్టారి పుస్తకం ఇందులో ఎలా దొరుకుతుంది? అసలు పుస్తకాలు ఎక్కడో అంగళ్ళలో నిక్షేపంలా అమ్ముడుపోతూ ఉంటాయి. రాసినవాళ్ళు మాత్రం తమ కాపీలు నీళ్ళపాలయ్యాయని ఏడుస్తున్నారు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

గైడు ఒకటి తెరిచి రెండు వేళ్ళ మధ్య కాగితం నలిపింది. చెమ్మగా ఉంది.

"ఈ ఉక్కలో రెండు నెలలున్న కాగితం అప్పడంలా విరగాలండి," అంది.

"నీడ పట్టున ఉంది కదండీ. ఆరలేదు."

సత్యప్రియ పుస్తకం అంచు వేలితో రాసి, ఆ వేలు నాలుక మీద పెట్టుకుంది. సుధీర్ మొహం చిట్లించాడు.

"మాది సముద్రం ఒడ్డున ఓడలరేవండి," అంది ఆమె. "మా నాన్న వేటనించి వచ్చేక లుంగీ మంచినీళ్ళలో జాడించకపోతే, ఎంత ఎండలో ఆరేసినా సాయంత్రానికి మళ్ళీ చెమ్మగిల్లేది. ఉప్పు గాలిలో తడి లాగేస్తుంది. ఈ కాగితానికి ఉప్పు పట్టిందండి. మీరూ చూడండి."

"అక్కర్లేదండి!"

"ఇక్కడి గోదావరి మంచినీళ్ళు. అందులో మునిగితే పేజీ పేజీకీ ఎర్ర ఒండ్రు ఉండాలి. ఇందులో ఉన్నది నల్ల బురద, ఉప్పు. ఇది రొయ్యల చెరువు నీళ్ళండి సుధీర్ గారూ. వరద గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. లోపలికి రానందుకు ఎవరైనా దేవుడికి కొబ్బరికాయ కొడతారు. మన ఓనరు గారికి మాత్రం దిగులు పట్టుకుంది. పుస్తకాలు తడవకపోతే ఇన్సూరెన్సు రాదు. అందుకని కట్టలు ఎక్కడికో తోలుకెళ్ళి చెరువులో ముంచి తెచ్చేరు."

సుధీర్ నవ్వాడు. ఎక్కడ దెబ్బ కొట్టాలో ఆయనకి తెలుసు. "పక్కనే గోదావరి పెట్టుకుని చెరువు దాకా ఎందుకు పోతారండీ? ఇరవై అడుగులు నడిస్తే సరిపోయేదానికి?"

"వరదల్లో ఏటిగట్టు మీద ఎవరుంటారండీ?"

సుధీర్ గుమ్మంలోంచి గట్టు వైపు చూశాడు. కోనసీమలో పుట్టినవాడికి ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. వరదొస్తే గట్టు ఎక్కడ తెగుతుందోనని ఊరు ఊరంతా ఇసక బస్తాలతో, టార్చి లైట్లతో రేయింబవళ్ళు గట్టు మీదే కాపలా కాస్తుంది. ఆ జనం మధ్య పుస్తకాల కట్టలు గోదాట్లో ముంచడం ఎవరి వల్లా కాదు. పునరావాసానికి సామాను తరలిస్తున్నామని చెప్పి ట్రాక్టర్లో పట్టుకుపోవడం మాత్రం తేలిక. ముంచినవాళ్ళు నీళ్ళు నీళ్ళే కదా అనుకున్నారు.

"ఇన్సూరెన్సు దగా వేరు, హత్య వేరండి," అన్నాడు సుధీర్ గొంతు తగ్గించి. "ఇదంతా నిజమైనా, ముసలాయన నూకయ్యని చంపలేదని ఎలా చెబుతారు?"

సత్యప్రియ కూలిన గుట్ట దగ్గరికి వెళ్ళింది. పోలీసులు శవాన్ని లాగిన మేర కట్టలు జరిపారు, ఆ అడుగున ఉన్నవి ముట్టుకోలేదు. చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపి ఆమె వాటిని పక్కకి దొర్లించింది. రెండో కట్ట కింద తువ్వాలు నలిగిపోయి ఉంది. పైకెత్తితే అట్టలా వచ్చింది. అంచుల వెంబడి తెల్లటి చారలు.

"నూకయ్యదేనాండి?"

"వాడిదే. ఎప్పుడూ భుజం మీదుండేదట," అన్నాడు సుధీర్. తరవాత పట్టరాని సంతోషంతో అందుకున్నాడు. "ఇదీ ఉప్పేనంటారా? మూటలు మోసేవాడి తువ్వాలండి. చెమట ఉప్పు కాక పంచదార ఉంటుందా?"

సత్యప్రియ తువ్వాలు మడత నెమ్మదిగా విప్పింది. మడతలో నల్లటి బురద. ఆ బురదలో చిటికెన వేలి గోరంత రొయ్య పిల్ల ఒకటి ఎండి అతుక్కుని ఉంది.

"చెమటకి రొయ్యలు పుట్టవండి సుధీర్ గారూ."

సుధీర్ ఆ రొయ్య పిల్లనే చూస్తూ ఫోను తీశాడు. పోస్టుమార్టం చేసిన డాక్టరుకి కలిపి స్పీకరు నొక్కాడు.

"రిపోర్టు సాయంత్రం పంపుతానన్నాను కదండీ," అన్నాడు డాక్టరు విసుగ్గా.

"ఒక్క ముక్క చెప్పండి సార్. తల మీద దెబ్బ వల్లే పోయేడా?"

"కాదండి. ఆ దెబ్బ పోయిన తరవాత తగిలింది. నీళ్ళు మింగి పోయేడు. ఊపిరితిత్తుల్లో నల్ల బురద కూడా ఉంది. మెడ వెనక వేళ్ళ గుర్తులున్నాయి. ఎవరో పట్టుకుని అదిమినట్టు. మీరు రాయించుకున్న దానికీ దీనికీ పొంతన లేదు, అందుకే రెండోసారి చూస్తున్నాను."

సుధీర్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"మాస్టారికి మోపెడ్డే ఉందండి," అంది సత్యప్రియ. "మూటలు మోసే నూకయ్యలాంటి మనిషిని చెరువు దగ్గర ముంచి చంపి, ఆ శవాన్ని మోపెడ్డు మీద ఇక్కడిదాకా తెచ్చి, కట్టలు కూల్చి, పొద్దున్నే మీరొచ్చేదాకా పక్కన కూర్చున్నారంటారా?"

"నాలుగింటికి కోర్టుకి పెట్టను," అన్నాడాయన. "అలాగని వదల్నండి. అసలు వాళ్ళు దొరకాలి."

"ఆ మాట చాలండి ఇప్పటికి."

ఆమె గట్టు మీదికి వచ్చి ఊపిరి పీల్చుకుంది. ముందు అచ్చయమ్మ గారికి ఈ సంగతి చెప్పాలి. ఆవిడ దగ్గర ఫోను లేదు కనక భవానీదేవి నంబరు నొక్కింది.

"సత్యప్రియ గారూ! మంచి వార్తేనాండి?"

"సగం మంచిదేనండి. నూకయ్య గోడౌన్లో పోలేదు. నీళ్ళలో మునిగి పోయేడు. తరవాత ఎవరో తెచ్చి కట్టల కింద పడేసేరు. డాక్టరే చెప్పేడు."

అవతల కారు పోతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అయ్యో పాపం," అంది భవానీదేవి. "ఆ చెరువు గట్లు మహా జారుడు కదండీ. చీకట్లో కాలు జారి ఉంటాడు. చూసినవాళ్ళెవరో భయపడి తెచ్చి పడేసి ఉంటారు."

సత్యప్రియ ఎదురుగా గోదావరి నిండుగా పారుతోంది. గోడౌను తలుపు తీస్తే కనబడేది ఆ నీళ్ళే. అక్కడి మనిషి నీళ్ళలో పోయాడంటే ఎవరికైనా మొదట తోచేది గోదావరే. చెరువు అన్న మాట తనకీ, సుధీర్‌కీ తప్ప ఇంకెవరికీ తెలియదు. ఇంకెవరికైనా తెలిసిందీ అంటే, వాళ్ళు ఆ రాత్రి ఆ గట్టు మీద ఉన్నవాళ్ళే.

నూకయ్య నోరు విప్పబోతున్నాడని మాస్టారు ఫోను చేసి చెప్పింది ఎవరికి? ఈవిడకి. ఈవిడది ముమ్మిడివరం, ఆ చుట్టుపక్కలన్నీ రొయ్యల చెరువులే. అరవై మందిలో ఈవిడ ఒక్కర్తికే రాయల్టీ పూర్తిగా ముట్టి ఉండాలి. తన చెరువు అరువిచ్చిన పుణ్యానికి. మిగతావాళ్ళ సంతకాలు పట్టుకుని కలెక్టరాఫీసు చుట్టూ తిరిగిందీ, డిటెక్టివుకి అడ్వాన్సిచ్చిందీ, ఎవరికెంత తెలిసిందో ముందుగా తనకి తెలియాలనే.

"అయి ఉంటుందండి," అంది గొంతు తొణకనివ్వకుండా. చేత్తో సుధీర్‌ని రమ్మని సైగ చేసింది. "మీరెక్కడున్నారు?"

"ముమ్మిడివరం నించి బయల్దేరేమండి. అచ్చయమ్మ గారు మాస్టార్ని చూడాలని ఒకటే బెంగ. పక్కనే ఉన్నారు, ఇదిగో మాట్లాడండి."

ఫోను చేతులు మారింది.

"అమ్మాయ్," వణికే గొంతు వినిపించింది. "ఆయన్ని ఇవాళ వదిలేస్తారా? పొద్దుటి బీపీ మాత్ర వేసుకున్నారో లేదో కాస్త కనుక్కో తల్లీ. ఈ భవానీదేవి గారు ఎంత మంచివారో. దారిలో వాళ్ళ చెరువు మీద ఏదో పనుందట, చూసుకుని వచ్చేస్తాం. నాకు కళ్ళు ఆనవంటే, చెయ్యి పట్టుకుని గట్టు మీద నడిపిస్తానన్నారు."

"అమ్మా," అంది సత్యప్రియ. "మాస్టారు మిమ్మల్నే తలుచుకుంటున్నారు. ఎక్కడా ఆగొద్దన్నారు. తిన్నగా వచ్చేయండి."

"అలాగే తల్లీ. నూకయ్య చెప్పిన మాటలు నాకేమైనా గుర్తున్నాయా అని ఈవిడ పొద్దున్నించీ అడుగుతూనే ఉన్నారు. ఆయన నాకన్నీ చెప్పేరు, ఒక్క ముక్క పోకుండా గుర్తేనండి అన్నాను. కోర్టులో పనికొస్తుంది కదా?"

లైను తెగిపోయింది. మళ్ళీ నొక్కితే స్విచాఫ్.

సత్యప్రియ జీపు వైపు పరిగెత్తింది. మొదటిసారిగా సుధీర్ ఎదురు ప్రశ్న వెయ్యలేదు. ఆమె మొహం చూసి, డ్రైవరుని పక్కకి నెట్టి తనే స్టీరింగు పట్టుకున్నాడు.